ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధం

మద్యనిషేధం అనగా మత్తు పానీయముల తయారీ, రవాణా, విక్రయము, వినియోగములను ప్రభుత్వము చట్టము ద్వారా నిలిపివేయుట. తెలుగు ప్రాంతములలో ఈ విధానం వేర్వేరు కాలములలో వేర్వేరు రూపములలో అమలు జరిగింది. మద్రాసు ప్రెసిడెన్సీలో భాగముగా ఉన్న రోజులలో 1938లో చిత్తూరు, కడప జిల్లాలతో మొదలై, 1948 నాటికి ఆంధ్ర జిల్లాలన్నింటికి విస్తరించింది. 1993లో సారా నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. సంపూర్ణ నిషేధం రెండేళ్ళకు పైగా నడిచి 1997లో సడలించబడింది. సారాపై నిషేధం మాత్రం తొలగలేదు.

సంఘ సంస్కరణలో ప్రభుత్వం ఎంతవరకు పాలు పంచుకోవాలి, చట్టం ద్వారా మనిషి అలవాటును మార్చవచ్చునా అనే ప్రశ్నలకు మద్యనిషేధ చరిత్ర చక్కని ఉదాహరణ. ఇదే ప్రశ్నను అమెరికా సంయుక్త రాష్ట్రాలు 1920 - 1933 మధ్య ఎదుర్కొన్నాయి. అందువలన ఈ వ్యాసంలో అమెరికా అనుభవం కూడా పోలిక కొరకు ఇవ్వబడింది.

రాజ్యాంగంలో స్థానం

భారత రాజ్యాంగంలోని 47వ అధికరణం ప్రజల పోషకాహార స్థాయిని, ఆరోగ్యాన్ని మెరుగుపరచుట రాజ్యము యొక్క ప్రాథమిక విధులలో ఒకటిగా పేర్కొన్నది. ఔషధ అవసరాలకు తప్ప మత్తు పానీయములు, ఆరోగ్యమునకు హాని కలిగించే మాదక ద్రవ్యముల వినియోగమును నిషేధించుటకు రాజ్యము కృషి చేయవలెనని ఇదే అధికరణం చెపుతున్నది. ఇది ఆదేశిక సూత్రములలోనిది. కనుక ప్రభుత్వం దీనిని అమలు చేయలేదని పౌరుడు న్యాయస్థానానికి వెళ్ళి అమలు చేయించుకొనుటకు వీలు లేదు.

ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 8వ అంశం మత్తు పానీయములపై సర్వాధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. అదే జాబితాలోని 51వ అంశం మద్యంపై ఎక్సైజు సుంకం విధించే అధికారాన్ని కూడా రాష్ట్రాలకే ఇచ్చింది. అనగా మద్యాన్ని మాన్పించవలసినది, మద్యంపై పన్ను వసూలు చేసుకొనవలసినది ఒకే ప్రభుత్వము. మద్యనిషేధ చరిత్ర యావత్తు ఈ రెండు అంశముల మధ్య పెనుగులాటయే అని చెప్పవచ్చును.

చట్టము - సంస్కరణ: పూర్వరంగం

చట్టం ద్వారా సంఘాన్ని సంస్కరించే ప్రయత్నం మద్యంతో మొదలు కాలేదు. హిందూ వితంతు పునర్వివాహ చట్టం 1856లో వచ్చింది. కాని చట్టం వచ్చినంత మాత్రాన ఆంధ్రదేశంలో వితంతువులకు పెళ్ళిళ్ళు జరుగలేదు. కందుకూరి వీరేశలింగం పూనుకొని 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించే నాటికి ఆ చట్టం వచ్చి పాతికేళ్ళు. వివాహం చెల్లుతుందని చట్టం చెప్పగలిగింది. సంఘ బహిష్కారాన్ని తట్టుకొని పెళ్ళి జరిపించే మనిషిని మాత్రం చట్టం సృష్టించలేకపోయింది.

బాల్య వివాహములను అరికట్టుటకు 1929లో శారదా చట్టం వచ్చి 1930 ఏప్రిల్ 1 నుండి అమలైంది. దేవదాసీలుగా సమర్పించుటను నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రంలో 1947లో చట్టం వచ్చింది. రఘుపతి వెంకటరత్నం నాయుడు వంటివారు భోగం మేళాలను, మద్యపానాన్ని వ్యతిరేకిస్తూ ఎంతోకాలం ప్రచారం చేసి ఉండుట వలన ఇటువంటి చట్టాలకు కొంత భూమిక ఏర్పడింది.

ఈ చట్టములకు, మద్యనిషేధానికి ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. బాల్య వివాహాల వలన గాని, దేవదాసీ పద్ధతి వలన గాని ప్రభుత్వ ఖజానాకు చెప్పుకోదగిన ఆదాయం లేదు. మద్యం సంగతి వేరు. అక్కడ ప్రభుత్వం దురాచారాన్ని సరిదిద్దవలసిన న్యాయమూర్తి మాత్రమే కాదు, లాభంలో వాటాదారు కూడా.

ఆబ్కారీ విధానం

ఆంగ్లేయుల పాలనలో మద్యంపై పన్నుల శాఖను ఆబ్కారీ శాఖ అనేవారు. మద్రాసు ఆబ్కారీ చట్టం 1886లో వచ్చింది. ఈ పద్ధతిలో కల్లు గీసే చెట్టుకు పన్ను చెల్లించవలెను. దుకాణం నడిపే హక్కును ప్రభుత్వం వేలం పాట ద్వారా అమ్మేది. పాట ఎక్కువకు పాడినవాడు పెట్టిన సొమ్ము రాబట్టుకొనుటకు అమ్మకం పెంచక తప్పదు. అమ్మకం పెరిగితే మరుసటి ఏడు పాట ఇంకా పైకి పోయేది. ఈ విధముగా ప్రభుత్వ ఆదాయము, తాగేవారి సంఖ్య ఒకదానితో ఒకటి ముడిపడినవి.

సహాయ నిరాకరణ ఉద్యమ కాలంలో (1920 - 22) జాతీయవాదులు ఈ ముడిని గుర్తించారు. కల్లు, సారా దుకాణాల పికెటింగు, వేలం పాటల బహిష్కరణ ఉద్యమ కార్యక్రమంలో భాగములైనవి. 1931 నాటి గాంధీ - ఇర్విన్ ఒడంబడికలో శాంతియుతమైన పికెటింగుకు చోటు దొరికింది. మద్యం మానుట సంఘ సంస్కరణ కాగా, పరాయి ప్రభుత్వ ఆదాయాన్ని దెబ్బతీయుట రాజకీయం. ఆ రోజులలో ఈ రెండూ ఒకే పనితో నెరవేరేవి. స్వరాజ్యం వచ్చిన తరువాత ఈ సౌలభ్యం పోయింది. దెబ్బతినేది మన ఖజానాయే అయినది.

మద్రాసు రాష్ట్రంలో నిషేధం

1937లో మద్రాసు ప్రెసిడెన్సీలో చక్రవర్తి రాజగోపాలాచారి ప్రధానిగా కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడింది. 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలైంది. మరుసటి సంవత్సరం తెలుగు జిల్లాలైన చిత్తూరు, కడపలకు, 1939లో ఉత్తర ఆర్కాటు జిల్లాకు విస్తరించబడింది. ఒకేసారి రాష్ట్రమంతటా కాక జిల్లా వెంట జిల్లాగా అమలు చేయుట ఈ పద్ధతి ప్రత్యేకత.

పోయిన ఆబ్కారీ ఆదాయం స్థానే మరొక ఆదాయం చూపుటకు రాజాజీ ప్రభుత్వం 1939లో సాధారణ అమ్మకం పన్ను ప్రవేశపెట్టింది. తరువాతి కాలంలో దేశమంతటా రాష్ట్రాలకు ప్రధాన ఆదాయ వనరుగా మారిన అమ్మకం పన్నుకు, మద్యనిషేధానికి ఈ విధమైన బంధుత్వం ఉన్నదని విద్యార్థులు గమనించవలెను.

1939లో కాంగ్రెసు మంత్రివర్గం రాజీనామా చేసిన తరువాత, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో గవర్నరు పాలనలో నిషేధం నిలిపివేయబడింది. 1946లో తిరిగి వచ్చిన కాంగ్రెసు ప్రభుత్వం దీనిని పునరుద్ధరించి, 1948 అక్టోబరు నాటికి మద్రాసు రాష్ట్రమంతటికీ విస్తరింపజేసింది. ఏలూరు ముఖ్యపట్టణముగా 1925లో ఏర్పడిన పశ్చిమ గోదావరి జిల్లా కూడా ఈ విధముగా నిషేధం కిందికి వచ్చింది. నిజాం ఏలుబడిలోని తెలంగాణలో ఇటువంటి నిషేధం లేదు. అక్కడ ఆబ్కారీ ప్రభుత్వ ఆదాయంలో పెద్ద భాగముగా ఉండేది.

గోదావరి - కొల్లేరు ప్రాంతంలో గీత వృత్తి

నిషేధం వలన ఎవరు నష్టపోయారో తెలుసుకొనుటకు ఈ ప్రాంతపు జీవనాన్ని గమనించవలెను. ధవళేశ్వరం ఆనకట్ట (1852) తరువాత గోదావరి కాలువలు తవ్వబడి మెట్ట, బీడు భూములు మాగాణులైనవి. ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరాల నుండి కొల్లేరు దాకా కాలువ గట్ల మీద, చేల గట్ల మీద తాటిచెట్లు సర్వసాధారణం. గోదావరి జిల్లాలలో శెట్టిబలిజలు, కృష్ణా ప్రాంతంలో గౌడలు తరతరాలుగా కల్లుగీత వృత్తిపై ఆధారపడినవారు. మోకు, ముస్తాదు, గీత కత్తి, లొట్టి వీరి వృత్తి సాధనములు. రోజుకు రెండు మూడు పర్యాయములు చెట్టెక్కి దిగవలసిన ఈ వృత్తిలో కాలుజారితే ప్రాణాపాయం.

నిషేధ చట్టం దృష్టిలో గీత కార్మికుడు, సారా కాచి అమ్మేవాడు ఒక్కటే. దుకాణం పాడుకొన్న కాంట్రాక్టరు తన పెట్టుబడిని వేరే వ్యాపారానికి మళ్ళించుకోగలడు. చెట్టెక్కుట తప్ప వేరే పని తెలియనివానికి ఆ వీలు లేదు. తాటిబెల్లం తయారీ, సహకార సంఘాల ద్వారా ప్రత్యామ్నాయం చూపే ప్రయత్నములు జరిగినా, తాటిబెల్లం కల్లుకు సాటి ఆదాయం కాలేకపోయింది. సంస్కరణ భారం సంఘమంతటి మీద కాక ఒకటి రెండు కులముల భుజముల మీద పడినది.

ఇదే ప్రాంతంలో తాగుడు వలన నష్టపోయినవారు మరి కొందరున్నారు. వరికోతల కూలీలు, తాడేపల్లిగూడెం బియ్యం మిల్లులలోను, ఉల్లిపాయల మార్కెట్టులోను బస్తాలు మోసే హమాలీలు, ఏలూరు జనపనార మిల్లు కార్మికులు, కొల్లేటి చేపల చెరువుల మీది పనివారు - వీరందరికీ కూలి డబ్బులు రోజువారీగానో వారం వారమో చేతికి వస్తాయి. చేతికి వచ్చిన కూలి ఇంటికి చేరే లోపల దారిలో దుకాణం ఉన్నదా లేదా అనేదే ఆ ఇంటి ఆడవారికి ముఖ్యమైన ప్రశ్న. కనుక మద్యం విషయంలో పేదల పక్షం అనేది ఒకటి కాదు, రెండు: గీత కార్మికుని జీవనోపాధి, కూలివాని భార్యాబిడ్డల తిండి. ఏ ప్రభుత్వమైనా ఈ రెండింటినీ చూడవలసి ఉన్నది.

1954: ఒక ప్రభుత్వ పతనం

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యాడు. అప్పటికే నిషేధం వలన ఆదాయం లేదు, దొంగసారా ఆగలేదు, గీత కార్మికులకు పని లేదు. గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న ఉద్యమం నడిపాడు. నిషేధం అమలును పరిశీలించుటకు ప్రభుత్వం ఎస్.వి. రామమూర్తి అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. నిషేధాన్ని కొనసాగించుట ప్రయోజనకరం కాదనే అభిప్రాయాన్ని ఆ సంఘం వెలిబుచ్చింది. మద్యనిషేధం కాంగ్రెసు పార్టీ ప్రకటిత సిద్ధాంతం. కనుక ఈ సిఫారసును అంగీకరించుట ప్రభుత్వానికి కష్టమైనది.

1954 నవంబరులో ప్రతిపక్షాలు ప్రవేశపెట్టిన అవిశ్వాస తీర్మానంలో మద్యనిషేధ విధానమే ప్రధానాంశమైనది. ఒకే ఒక్క ఓటు తేడాతో తీర్మానం నెగ్గి ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. రాష్ట్రపతి పాలన తరువాత 1955లో మధ్యంతర ఎన్నికలు జరిగి, బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యాడు. ఒక సంఘ సంస్కరణ చట్టం కారణముగా ప్రభుత్వం పతనమగుట తెలుగువారి రాజకీయ చరిత్రలో అరుదైన సంఘటన.

1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించిన తరువాత ఒకే రాష్ట్రంలో రెండు విధానములు నడిచినవి. ఆంధ్ర ప్రాంతంలో నిషేధం, తెలంగాణలో ఆబ్కారీ ఆదాయం. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం వచ్చింది. 1960ల దశకం ముగిసే నాటికి ఆంధ్ర ప్రాంతంలో నిషేధం ఎత్తివేయబడి దుకాణాలు తిరిగి తెరచుకొన్నవి.

సారా వ్యతిరేక ఉద్యమం

1980ల దశకంలో ప్రభుత్వం వారుణి వాహిని పథకం ద్వారా సారాను పాకెట్లలో సరఫరా చేయుట మొదలుపెట్టింది. కల్తీ సారా వలన కలిగే మరణాలను నివారించుట దీని ఉద్దేశ్యముగా చెప్పబడినది. కాని పాకెట్టు వలన సారా జేబులో పట్టింది. సైకిలు మీద, సంచిలో, చిల్లర కొట్టులో ఎక్కడికైనా చేరగలిగింది. అంతకు ముందు దుకాణానికి మనిషి నడిచి వెళ్ళేవాడు, ఇప్పుడు సారాయే మనిషి ఉన్న చోటికి నడిచి వచ్చింది.

ఈ పరిస్థితిలో నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం జరిగింది. జిల్లా యంత్రాంగం, స్వచ్ఛంద కార్యకర్తలు కలసి నడిపిన రాత్రి బడులలో వయోజన మహిళలు చదువుకొన్నారు. వారి వాచకాలలో తాగుడు వలన చితికిన కుటుంబముల కథలు, ఆడవారు ఏకమై సారా దుకాణం మూయించిన కథ పాఠములుగా ఉండేవి. కలిగిరి మండలంలోని దూబగుంట గ్రామంలో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటి మహిళలు కలసి తమ ఊరిలో సారా అమ్మకాన్ని ఆపించారు. ఈ వార్త, దూబగుంట కథ ఇతర గ్రామాల అక్షరాస్యతా కేంద్రములకు చేరి ఉద్యమం వ్యాపించింది.

1992లో మహిళలు చీపుర్లు, కారం పొడి పట్టుకొని సారా బండ్లను అడ్డుకొన్నారు. పాకెట్లను తగులబెట్టారు. నెల్లూరులో సారా వేలం పాటలు జరుగనీయక పలుమార్లు వాయిదా వేయించారు. పత్రికలు, ముఖ్యంగా ఈనాడు దినపత్రిక, ఉద్యమ వార్తలకు విస్తృత ప్రాధాన్యమిచ్చాయి. మహిళా సంఘాలు, వామపక్షాలు, సర్వోదయ కార్యకర్తలు తోడైనారు. ఏ పార్టీ పిలుపునివ్వక ముందే గ్రామ స్త్రీలు ప్రారంభించిన ఉద్యమం ఇది.

ఇక్కడ ఒక విశేషం ఉన్నది. చదువు చెప్పించినది ప్రభుత్వం, సారా అమ్మించినదీ ప్రభుత్వమే. ఒక శాఖ ఇచ్చిన వాచకం చదివి మహిళలు మరొక శాఖ ఆదాయాన్ని ప్రశ్నించారు. ప్రభుత్వం అనేది ఏకశిల కాదని, దానిలోని ఒక చేతిని పట్టుకొని మరొక చేతిని ఆపవచ్చునని ఈ ఉద్యమం చూపినది.

కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోను, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. విదేశీ మద్యం పేరుతో తయారయ్యే విస్కీ, బ్రాందీ వంటి వాటికి ఈ నిషేధం వర్తించలేదు. కల్లు కూడా మినహాయించబడినది.

1995 సంపూర్ణ నిషేధం

1994 డిసెంబరు ఎన్నికలలో తెలుగుదేశం పార్టీ సంపూర్ణ మద్యనిషేధాన్ని వాగ్దానం చేసి గెలుపొందింది. ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు ప్రమాణ స్వీకార వేదికపైననే నిషేధానికి సంబంధించిన దస్త్రంపై సంతకం చేశాడు. 1995 జనవరి 16 నుండి నిషేధం అమలులోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ మద్యనిషేధ చట్టం, 1995 మద్యం అమ్ముట, కొనుట, కలిగియుండుట, సేవించుటలను నేరములుగా చేసింది. కల్లుకు మాత్రం మినహాయింపు ఉండినది. అనగా 1948 నాటి పొరపాటు నుండి ఒక పాఠం నేర్చుకొన్నట్లయినది.

తరువాత చట్టాన్ని సవరించి మద్యం తయారీని కూడా నిషేధించగా కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. మెక్‌డోవెల్ కంపెనీ కేసులో 1996లో సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వ అధికారాన్ని సమర్థించింది. కనుక నిషేధాన్ని ఆపినది న్యాయస్థానం కాదు.

నిషేధాన్ని బలహీనపరచిన కారణములు ముఖ్యముగా మూడు:

1. సరిహద్దులు. పొరుగు రాష్ట్రములలో నిషేధం లేదు. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర, ఒడిషాల నుండి మద్యం దొంగచాటుగా వచ్చేది. గోదావరి జిల్లాల నడుమ పుదుచ్చేరి పాలనలో ఉన్న యానాం ఉన్నది. అక్కడ ఆంధ్రప్రదేశ్ చట్టం చెల్లదు.

2. నాటుసారా. నల్లబెల్లం, నవసారం, నీరు, ఒక కుండ, ఒక గొట్టం ఉంటే సారా కాచవచ్చును. మనుషుల రాకపోకలు తక్కువగా ఉన్న మన్యంలోను, లంకలలోను బట్టీలను కనిపెట్టుట పోలీసులకు కష్టము.

3. ఖజానా. ఎక్సైజు ఆదాయం పోయిన సమయంలోనే కిలో రెండు రూపాయల బియ్యం వంటి పథకముల ఖర్చు ఉన్నది. 1939లో రాజాజీ అమ్మకం పన్ను తెచ్చినట్లు లోటు పూడ్చే కొత్త వనరు ఏదీ ఈ పర్యాయం దొరకలేదు.

1995 సెప్టెంబరులో నారా చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రి అయ్యాడు. 1996లో సబ్సిడీ బియ్యం ధర కిలో 3.50 రూపాయలకు పెంచబడింది. 1997లో చట్టాన్ని సవరించి సారా తప్ప ఇతర మద్యంపై నిషేధం సడలించబడింది. 1992లో వేలం పాటలను ఆపిన మహిళలు 1997లో ఆ స్థాయిలో తిరిగి వీధికెక్కలేదు. చట్టం వచ్చిన తరువాత కాపలా పని ప్రభుత్వానికి అప్పగించబడి, గ్రామ సంఘములు సడలిపోవుట దీనికి ఒక కారణముగా చెప్పవచ్చును.

అమెరికా అనుభవం

అమెరికాలో సంఘ సంస్కరణకు కేంద్ర ప్రభుత్వ అధికారాన్ని వినియోగించిన సందర్భములలో బానిసత్వ నిర్మూలన (1865, 13వ రాజ్యాంగ సవరణ) తరువాత ప్రసిద్ధమైనది మద్యనిషేధం. అక్కడ కూడా రాష్ట్రముల స్థాయిలోనే ఆరంభం జరిగింది. మెయిన్ రాష్ట్రం 1851లోనే నిషేధ చట్టం చేసింది. 1874లో ఏర్పడిన క్రైస్తవ మహిళల మద్యవ్యతిరేక సంఘం, 1893లో పుట్టిన సెలూన్ వ్యతిరేక లీగు ఈ ఉద్యమాన్ని నడిపినవి. ఓటుహక్కు లేని రోజులలో మహిళలు సంఘటితముగా రాజకీయాలలో పాల్గొనుటకు మద్యవ్యతిరేక ఉద్యమం దారి చూపింది.

అక్కడ కూడా ఖజానా ప్రశ్న వచ్చింది. 20వ శతాబ్ది ఆరంభంలో కేంద్ర ప్రభుత్వ ఆదాయంలో సుమారు మూడవ వంతు మద్యంపై పన్నుల నుండి వచ్చేది. 1913లో 16వ సవరణ ద్వారా ఆదాయపు పన్నుకు మార్గం ఏర్పడిన తరువాతనే దేశవ్యాప్త నిషేధం సాధ్యమైనది. 18వ సవరణ 1919 జనవరి 16న ఆమోదం పూర్తిచేసుకొని 1920 జనవరి 17 నుండి అమలైంది. ఇది మద్యం తయారీ, అమ్మకం, రవాణాలను నిషేధించింది గాని తాగుటను నేరముగా చేయలేదు.

ఫలితముగా దొంగరవాణా, రహస్య మద్యశాలలు, ముఠాల రాజ్యం ప్రబలినవి. షికాగో ముఠా నాయకుడు ఆల్ కపోన్ చివరకు 1931లో శిక్షింపబడినది ఆదాయపు పన్ను ఎగవేత నేరంపై. 1929లో ఆర్థిక మాంద్యం రాగా ఆదాయపు పన్ను వసూళ్ళు తగ్గినవి. ఉద్యోగములు, పన్నులు కావలసి వచ్చినవి. నిషేధం రద్దు కొరకు 1929లో పాలిన్ సాబిన్ నాయకత్వాన ఒక మహిళా సంఘమే ఏర్పడింది. 1933 డిసెంబరు 5న 21వ సవరణతో నిషేధం రద్దయి, మద్యంపై నిర్ణయాధికారం రాష్ట్రములకు తిరిగి వెళ్ళింది.

రెండు దేశముల కథలను పక్కపక్కన పెట్టి చూస్తే, నిషేధం రావటానికి ప్రజల, ముఖ్యముగా మహిళల ఒత్తిడి కారణమైనది. పోవటానికి దొంగవ్యాపారంతో పాటు ఖాళీ ఖజానా కారణమైనది. వేరొక ఆదాయం చేతికి వచ్చిన తరువాత వచ్చిన నిషేధం అమెరికాలో 13 సంవత్సరాలు నడచింది. అటువంటి ఏర్పాటు లేని చోట, అనగా ఆంధ్రప్రదేశ్‌లో, రెండేళ్ళకు కొంచెం పైగా మాత్రమే నిలిచినది. హర్యానాలో 1996లో వచ్చిన నిషేధం కూడా 1998లో తొలగింది.

తరువాతి పరిణామములు

1997 తరువాత మద్యం అమ్మకం క్రమముగా పెరిగింది. లైసెన్సు పొందిన దుకాణానికి అనుబంధముగా ఊరూరా అనధికారికంగా నడిచే బెల్టు షాపులు గ్రామములలో పెద్ద సమస్య అయినవి. 1980ల నాటి సారా పాకెట్టు స్థానంలో ఇప్పుడు చిన్న సీసా వచ్చి చేరినది. 2017లో వస్తు సేవల పన్ను వచ్చినపుడు మానవ వినియోగానికైన మద్యం దాని పరిధి వెలుపల ఉంచబడినది. దీని వలన రాష్ట్రములు తమ ఇష్ట ప్రకారం పెంచుకోగలిగిన కొద్దిపాటి పన్నులలో మద్యంపై పన్ను ఇంకా ముఖ్యమైనదిగా మారినది.

రాష్ట్ర విభజన (2014) తరువాతి ఆంధ్రప్రదేశ్‌లో 2019లో అధికారానికి వచ్చిన ప్రభుత్వం దశలవారీ మద్యనిషేధాన్ని వాగ్దానం చేసింది. 2019 అక్టోబరు 1 నుండి చిల్లర దుకాణములను ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ తన చేతిలోకి తీసుకొన్నది. దుకాణాల సంఖ్య 4,380 నుండి 3,500కు తగ్గించబడినది. దుకాణం పక్కన కూర్చొని తాగే పర్మిట్ రూములు తొలగించబడినవి. ధరలు బాగా పెంచబడినవి. 2022లో కార్పొరేషన్ భవిష్యత్తు మద్యం ఆదాయం ఆధారముగా బాండ్ల ద్వారా రుణం సేకరించింది. రాబోయే సంవత్సరముల మద్యం ఆదాయాన్ని అప్పుకు ఆధారముగా చూపిన తరువాత నిషేధం దిశగా అడుగు వేయుట కష్టమైన పని. దశలవారీ నిషేధం తుది దశకు చేరలేదు.

2022 మార్చిలో నాటి పశ్చిమ గోదావరి జిల్లాలోని జంగారెడ్డిగూడెంలో కొద్ది రోజుల వ్యవధిలో పలువురు మరణించారు. ఇవి నాటుసారా మరణములని ప్రతిపక్షం ఆరోపించగా, సహజ మరణములని ప్రభుత్వం శాసనసభలో ప్రకటించింది. తరువాతి నెలలో జిల్లాల పునర్విభజన జరిగి జంగారెడ్డిగూడెం, కొల్లేరు ప్రాంతం ఏలూరు జిల్లాలోను, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రముగా గల పశ్చిమ గోదావరి జిల్లాలోను చేరినవి.

2024లో ప్రభుత్వం మారిన తరువాత అక్టోబరు 16 నుండి ప్రైవేటు దుకాణముల పద్ధతి తిరిగి వచ్చింది. లాటరీ ద్వారా 3,396 దుకాణములకు లైసెన్సులు ఇవ్వబడినవి. గీత కులములకు అదనముగా కొన్ని దుకాణములు కేటాయించబడినవి. 1995 నాటి చట్టం సవరణలతో ఇంకా అమలులోనే ఉన్నది. నాటుసారా కాచుట వంటి కేసులు ఈ చట్టం కింద నమోదవుతున్నాయి. దూబగుంట రోశమ్మ 2016లో మరణించింది.

ప్రభుత్వ పాత్ర: పరిశీలన

మద్యనిషేధం విఫలమైనదని చెప్పి చట్టములన్నీ నిష్ప్రయోజనములనుట సరికాదు. చట్టం వలన అలవాటు పూర్తిగా పోకున్నా, కూలి డబ్బులకు, దుకాణానికి మధ్య దూరం పెరిగినది. ఆ దూరమే అనేక కుటుంబములకు మేలు. అదే విధముగా, చట్టం ఒక్కటే చాలుననుట కూడా సరికాదు. పై చరిత్రను బట్టి ప్రభుత్వం చేయగలిగిన, చేయలేని పనులను ఈ విధముగా విభజించవచ్చును.

ప్రభుత్వం చేయగలిగినవి: వేలం పాట ఆపుట, దుకాణముల సంఖ్య తగ్గించుట, వేళలు కుదించుట, బడికి, గుడికి, పనిచోటుకు దూరముగా ఉంచుట, బెల్టు షాపులను మూయించుట, కల్తీని అరికట్టుట, మానదలచినవారికి వైద్యం అందించుట, వృత్తి కోల్పోయినవారికి వేరొక జీవనోపాధి చూపుట, పోయే ఆదాయానికి ముందుగానే వేరొక వనరు సమకూర్చుకొనుట.

ప్రభుత్వం చేయలేనివి: ప్రతి ఇంటి వద్ద కాపలా కాయుట, పొరుగు రాష్ట్రపు చట్టమును మార్చుట, తనకు లాభము తెచ్చే వస్తువును మనస్ఫూర్తిగా ద్వేషించుట.

ఈ చివరి లోపమును పూరించవలసినది ప్రజలు. 1881లో వితంతు వివాహ చట్టానికి ప్రాణం పోసినది సంస్కర్త. 1992లో 47వ అధికరణానికి ప్రాణం పోసినది పలకా బలపం పట్టిన గ్రామ స్త్రీ. ఆమె పట్టుదల ఉన్నంతకాలం ప్రభుత్వాలు దిగివచ్చాయి. పని అయిపోయినదని భావించి ఆమె ఇంటికి మరలిన తరువాత ఆబ్కారీ లెక్కలు తిరిగి మొదటికి వచ్చాయి. చట్టము సంస్కరణకు తుదిమెట్టు కాదని, గెలిచిన తరువాత కూడా నిలుపుకొనవలసిన మెట్టు మాత్రమేనని ఈ చరిత్ర తెలియజేయుచున్నది.